కోదండరామయ్యగారి అనుభూతి

పక్క గదిలో డాక్టర్ జరీనా మిరపకాయ బజ్జీ కొరికితే, ఈ గదిలో కూర్చున్న గుడిమెట్ల కోదండరామయ్యగారి నాలుక మండింది. చెవులు వేడెక్కాయి, ముక్కు కారింది. నుదుటికి కట్టిన సన్నటి పట్టీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు.

“తిన్నదేమో మీరు, కారమేమో నాకా! ఇదేం చోద్యమండీ బాబూ!”

జరీనా మూతి తుడుచుకుంటూ వచ్చింది. “మంట వచ్చింది సరే, బజ్జీ రుచి తెలిసిందాండీ? శనగపిండి వాసన?”

ఆయన ఆలోచించారు. “లేదండి. మంటొక్కటే.”

“అదే దీని సంగతి. మనిషి ఏం చూశాడో, ఏం తలుచుకున్నాడో ఈ పట్టీకి తెలీదు. ఒంట్లో ఏమయిందో అదొక్కటే పట్టుకుంటుంది. గుండె ఎలా కొట్టుకుంది, ఊపిరి ఎక్కడ ఆగింది, కడుపులో ఏం తిరిగింది. దాన్ని దాచిపెట్టి ఎప్పుడు ఎవరి నుదుటికి కట్టినా వాళ్ళకీ అదే జరుగుతుంది.”

“అంటే నేను పద్యం చదివేటప్పుడు పొందే ఆనందం...”

“పిల్లలు కూడా పొందుతారు. అందుకేగా మీకు కబురు పెట్టింది.”

కోదండరామయ్యగారి ఒళ్ళు పులకించింది. ఆయన పెద్ద చదువులు చదవలేదు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కానీ వందలకొద్దీ పద్యాలు నోటికి వచ్చు, గొంతు కంచులా ఉంటుంది, దేవుడంటే భయమూ భక్తీ ఉన్న మనిషి. కాకినాడ గ్రంథాలయం హాల్లో ఆదివారం ఆయన ఉపన్యాసమంటే కుర్చీలు చాలవు. పద్యం సగం, తిట్టు సగం. పద్యం పాతవాళ్ళది, తిట్టు కొత్తవాళ్ళ మీద. “తలా తోకా లేని కవిత్వం, ముక్కూ మొహం లేని బొమ్మలు! ఒక జాతి చెడిపోతోందనడానికి ఇంతకన్నా గుర్తు ఏం కావాలండీ? ముందు చెయ్యి చెడుతుంది, తరవాత కన్ను చెడుతుంది, ఆఖరికి మనసు చెడుతుంది” అని ఆయన బల్ల గుద్దితే హాలంతా చప్పట్లు.

ఆ ఉపన్యాసాలకి ఈమధ్య ఒక గోడ తోడయింది. గ్రంథాలయం కొత్త హాల్లో ఎదురుగోడ మీద కమలిని అనే అమ్మాయి పెద్ద బొమ్మ వేసింది. కాచి కాచి మాడ్చిన టీ రంగు నీళ్ళు. ఆ నీళ్ళలోంచి ఒక ఆడమనిషి చేతులు పైకి చాపి ఉంటుంది. చూసేవాళ్ళు ఏ అటక మీదో కూర్చుని కిందికి చూస్తున్నట్టు ఉంటుంది బొమ్మ. తడిసి అంటుకుపోయిన జుట్టు, మధ్యలో పాపిట, వెదురుగడల్లా సాగిన చేతులు. మొహం ఉండవలసిన చోట ఉత్త తెలుపు.

కమలిని ఎవరో కాదు, కోదండరామయ్యగారి సొంత తమ్ముడి కూతురు. తమ్ముడు భరతరావు పోయి ఏడాదైంది. ప్రారంభోత్సవం నాడు కోదండరామయ్యగారు మైకు పట్టుకుని, “నా తమ్ముడి కూతురు గీసినా సరే, చెబుతున్నాను. ఇది బొమ్మ కాదు, రోగం” అన్నారు. సొంతమనుషుల్ని కూడా వదలడు, ఎంత నిష్పాక్షికుడో అని ఊరంతా మెచ్చుకుంది. ఆ పిల్ల ఆ మెప్పుదల మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

జరీనా పట్టీల సంగతి విని, గ్రంథాలయ సంఘం అధ్యక్షుడు చిట్టూరి సత్యప్రసాద్‌కి ఒక ఆలోచన వచ్చింది. పద్యం చదివేటప్పటి ఆనందాన్ని ఒక పట్టీలో, ఆ గోడబొమ్మ చూసినప్పటి రోతను ఇంకో పట్టీలో కోదండరామయ్యగారి దగ్గర పట్టించి, ఊళ్ళో బడిపిల్లలకి కడతారు. మంచేదో చెడేదో పిల్లల ఒంటికే తెలిసిపోతుంది. తరవాత ఆ గోడకి సున్నం వేయించేస్తారు.

“మందూ మీరే, విరుగుడూ మీరే మాస్టారూ” అన్నాడు సత్యప్రసాద్. ఎప్పుడూ బడిలో పాఠం చెప్పకపోయినా ఆయన్ని ఊళ్ళో అందరూ మాస్టారనే అంటారు.

అనుభూతి పట్టే రోజు వచ్చింది. సత్యప్రసాద్ శాలువా, పూలదండ, గంధం గిన్నె పట్టుకుని ప్రయోగశాలకి వచ్చాడు.

“అవి తరవాత వెయ్యచ్చు కదండీ?” అంది జరీనా. “ముందు పని కానిద్దాం.”

“సన్మానం లేకుండా పండితుణ్ణి నోరు తెరవమంటామా అమ్మా? మా ఊరికి పరువుంది.”

శాలువా కప్పారు, గంధం రాశారు, ఫోటోలు తీసుకున్నారు. ఆ మీదట పట్టీ కట్టుకుని కోదండరామయ్యగారు తనకి ప్రాణమైన పద్యాలు గొంతెత్తి చదివారు. సాయంత్రం గోడబొమ్మ ముందు నిలబెట్టారు. ఆయన బొమ్మని చూశారు, చీదరగా మొహం పెట్టారు, కళ్ళు తిప్పుకున్నారు.

జరీనా తన చేతిలోని తెర మీద ఏదో చూసి తలెత్తింది. “కాసేపు కూర్చుంటారాండీ?”

“నేనా? ఎందుకమ్మా? నేను బాగానే ఉన్నాను.”

పిల్లలకి మొదటిసారి పట్టీలు కట్టింది ఆ మర్నాడే, మున్సిపల్ స్కూల్లో. ముందు వరసలో కోదండరామయ్యగారికి కుర్చీ వేశారు. గోడ మీద తెరలో ఆయనే పద్యం చదువుతున్నారు, పిల్లల నుదుళ్ళ మీద ఆయన ఆనందం. పిల్లలు వెన్ను నిటారుగా పెట్టారు. గడ్డాలు పైకి లేచాయి. కాసేపటికి ఒక్కొక్కళ్ళూ అటూ ఇటూ చూడడం మొదలుపెట్టారు, ఎవరైనా తమని చూస్తున్నారా అన్నట్టు. మూడో పద్యానికి ఇద్దరు ఆవలించారు.

“ఎలా ఉందమ్మా?” అని టీచరు ఒక జడల పిల్లని అడిగింది.

“బావుంది టీచర్. నాకే ఫస్టు ప్రైజు వచ్చినట్టుంది.”

“మరి పద్యం?”

పిల్ల బుర్ర గోక్కుంది. “పద్యం ఇంకా రాలేదు కదా టీచర్?”

వెనక బెంచీల్లో నవ్వులు. సత్యప్రసాద్ కూడా నవ్వాడు, అర్థం కాక. కోదండరామయ్యగారు నవ్వలేదు. శాలువా కప్పినప్పుడు మెడ వెనక ఏ వెచ్చదనం తగిలిందో, ఈ పిల్లల మెడలు సరిగ్గా దానికే నిక్కుతున్నాయని ఆయనకి తెలిసింది. ముప్ఫై మంది పిల్లల ఒంట్లోంచి ఆయన డాబు ఆయన వంకే చూస్తోంది.

“అది పక్కన పెట్టండి, రెండోది కానివ్వండి” అన్నాడు సత్యప్రసాద్ చేతులు రుద్దుకుంటూ. “ఇప్పుడు చూడండి ఎలా డోక్కుంటారో!”

తెర మీద గోడబొమ్మ వచ్చింది. ఎవరికీ రోత పుట్టలేదు. పిల్లలందరూ, ఎవరూ చెప్పకుండానే, కాళ్ళు నేల మీంచి తీసి బెంచీల మీదికి ముడుచుకున్నారు. జడల పిల్ల పక్కపిల్లని గట్టిగా వాటేసుకుంది. ఎవరో సన్నగా ఏడవడం మొదలుపెట్టారు. ఆ ఏడుపు వరస వెంట వరస పాకింది. టీచరు “తీసెయ్యండి, తీసెయ్యండి” అని అరుస్తూ పిల్లల నుదుళ్ళ మీంచి పట్టీలు లాగేసింది.

జరీనా కోదండరామయ్యగారి వైపు తిరిగింది. ఆయన లేచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వరండాలోకి వెళ్ళిపోయారు.

అది ఎవరి బొమ్మో ఆయనకి తెలుసు. బొమ్మని మొదటిసారి చూసిన క్షణంలోనే తెలుసు. ఉప్పాడ దగ్గర ఊళ్ళో, ఆయనకి ఆరేళ్ళప్పుడు, తుఫాను రాత్రి సముద్రం ఇంట్లోకి వచ్చింది. అమ్మ ఇద్దరు కొడుకుల్నీ ఒకరి తరవాత ఒకర్ని ఎత్తి అటక మీదికి తోసింది. తను ఎక్కడానికి నిచ్చెన లేదు. పైనించి వాళ్ళు చూస్తూండగా నీళ్ళు ఆమెని తీసుకుపోయాయి. ఇల్లూ పోయింది, ఉన్న ఒక్క ఫోటో కూడా పోయింది.

తమ్ముడు అడిగేవాడు. “అన్నయ్యా, అమ్మ ఎలా ఉండేదిరా?” కోదండరామయ్యగారు పెద్దవాడు, గుర్తు లేదని ఎలా చెబుతాడు? “చారడేసి కళ్ళురా, సంపెంగ మొగ్గలాంటి ముక్కు” అని చెప్పేవాడు. కొన్నాళ్ళకి పద్యాల్లో దొరికిన మాటలు కూడా కలిపి చెప్పాడు. చెప్పి చెప్పి తనే నమ్మాడు. అలాంటివాణ్ణి పట్టుకుని ఆ గోడ, మీ అమ్మ మొహం నీకు తెలీదని చెప్పింది. అందుకే దాన్ని రోగమన్నాడు.

సత్యప్రసాద్ వరండాలోకి వచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. “మిషన్లో ఏదో తేడా మాస్టారూ. మీరేం మనసులో పెట్టుకోకండి. రెండూ చెరిపించేద్దాం. పద్యాలకి పిఠాపురం నించి ఇంకొకాయన్ని తెద్దాం. గోడకి రేపు సున్నం వేయించేస్తాను. మీ మాట మీద ఎప్పుడో తీర్మానం అయిపోయిందిగా!”

“ఆయన ఒప్పుకుంటే తప్ప చెరపడానికి లేదండీ” అంది వెనకనించి జరీనా. “అది ఆయన సొంతం. ఇంకొకరికి కట్టాలన్నా, తుడిచెయ్యాలన్నా ఆయనే చెప్పాలి.” ఆయన వైపు చూసి నెమ్మదిగా అంది, “మిషన్లో తేడా లేదండి. నేను నాకు కట్టుకుని చూశాను.”

కోదండరామయ్యగారు నేల వంక చూస్తూ, “చెరిపెయ్యండి” అన్నారు.

“మీరు నిన్న శాలువాతో వచ్చారు. ఇవాళ పిల్లల ఏడుపుతో వచ్చారు. ఇలాంటప్పుడు అన్న మాట నేను తీసుకోను. రేపు పొద్దున చెప్పండి” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేసరికి భార్య సుభద్రమ్మ పెరటి గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన పీట మీద పట్టీ ఉంది. మొదటి రికార్డింగు కాపీ ఒకటి జరీనా దగ్గర అడిగి తెచ్చి, “నేను పద్యం చదువుతుంటే స్వర్గంలో ఉంటానని చెబితే నమ్మవుగా, నువ్వే చూసుకో” అని ముందురోజు ఆయనే మురిసిపోతూ ఇంట్లో పెట్టారు.

“కట్టుకున్నావా?” అన్నారు.

“కట్టుకున్నానండి.”

“ఎలా ఉంది?”

ఆమె కాయలు ఒలవడం ఆపలేదు. “పెళ్ళిలో మిమ్మల్ని మా వాళ్ళందరూ వరసగా చూసి వెళ్తుంటే మీరు కూర్చున్న తీరు గుర్తొచ్చింది. అలా ఉంది.” ఎంతో మెల్లిగా అడిగింది. “ఒక మాట అడగనాండీ? పొద్దున పూజలో చదివేటప్పుడు కూడా ఇంతేనా?”

ఆయన కండువా తీసి మేకుకి తగిలించారు.

“పోన్లెండి, అడగనులెండి. నేను మీ వెనక కూర్చుని దణ్ణం పెట్టుకుంటాను కదా రోజూ, మీ గొంతు వింటే దేవుడు దగ్గరగా ఉన్నట్టుంటుంది. నాకు ఉంది కాబట్టి మీకూ ఉండే ఉంటుందనుకున్నాను.” గింజలు చేటలో పోస్తూ ఆమె చిన్నగా నవ్వింది. “మీ పద్యాలు మంచివేనండి. వాటి తప్పేం ఉంది?”

నలుగురూ నవ్వినా ఇంత సిగ్గు వేసేది కాదు. ఈ మనిషి ఇన్నేళ్ళూ తన వెనక కూర్చుని కళ్ళు మూసుకుంటే, తను ముందు కూర్చుని ఎవరు వింటున్నారో చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున కృష్ణుడి పటం ముందు కూర్చున్నారు. అలవాటుగా గొంతు ఎత్తబోయి ఆగిపోయారు. ఈసారి నోట్లోనే, ఒక్కొక్క మాటా ఆపి ఆపి అనుకున్నారు. యశోద కొడుకు నోట్లో మన్ను చూడబోయిన చోటికి వచ్చేసరికి ఆగారు. ఎన్నివేలసార్లు చదివారో ఈ చోటు. అక్కడ ఒక తల్లి ఉందని, ఆ తల్లి కొడుకు గడ్డం పట్టుకుని మొహంలోకి మొహం పెట్టి చూస్తోందని ఇవాళే చూశారు. మిగతాది చదవలేకపోయారు. సుభద్రమ్మ వెనకనించి లేచి హారతి తనే ఇచ్చింది.

తిన్నగా ప్రయోగశాలకి వెళ్ళి జరీనాని వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వచ్చారు. హాలంతా తడిసిన సున్నం వాసన. బాల్చీలు, కుంచెలు గోడ కింద సిద్ధంగా ఉన్నాయి. సంఘం సభ్యులు కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఓ మూల కమలిని తన రంగుల డబ్బాలు సంచీలో సర్దుకుంటోంది. ఆయన్ని చూసి “బావున్నారా పెదనాన్నా” అని, మళ్ళీ పనిలో పడింది.

“రండి మాస్టారూ, రండి! మొదటి కుంచె మీ చేత్తోనే వేయిద్దామని ఆపాం” అన్నాడు సత్యప్రసాద్.

“ముందు ఇవి కట్టుకోండి” అన్నారు కోదండరామయ్యగారు.

“ఏంటివి? చెరిపించేద్దాం అనుకున్నాం కదండీ!”

“లేదండి. నిన్న పిల్లలకి కట్టిందే. బొమ్మ చూసి నాకు కలిగిన రోత ఏపాటిదో పెద్దవాళ్ళు మీరూ చూడద్దూ? దాన్ని నమ్మే కదా తీర్మానం చేశారు.”

సభ్యులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని కట్టుకున్నారు. జరీనా మీట నొక్కింది. కోదండరామయ్యగారు అందరి మధ్యా కుర్చీలో, పంచె అంచు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చున్నారు. ఊరందరి ముందూ బట్టలు విప్పి నిలబెట్టినా ఇంతకన్నా నయమనిపించింది. కాఫీ గ్లాసొకటి దొర్లి పడింది. సత్యప్రసాద్, జోకు లేకుండా మాట్లాడని సత్యప్రసాద్, కుర్చీ చేతుల్ని పట్టుకుని, ఊపిరి అందనివాడిలా నోరు తెరిచి, గోడ వంకే చూస్తున్నాడు.

జరీనా పట్టీలు తీసేసింది.

“మా అమ్మ గుర్తొచ్చిందండి” అన్నాడు సత్యప్రసాద్ చివరికి. “లక్షణంగా ఇంట్లోనే ఉంది ఆవిడ. ఎందుకు గుర్తొచ్చిందో నాకు తెలీదు.” తరవాత ఎవరి వంకా చూడకుండా సున్నం వేసేవాళ్ళతో, “ఆ బాల్చీలు బయట పెట్టండయ్యా” అన్నాడు.

గోడ నిలిచింది. అయినా కోదండరామయ్యగారి ఒంట్లో బరువు దిగలేదు. ఆయన లేచి, ఒక పట్టీ పట్టుకుని కమలిని దగ్గరికి వెళ్ళారు.

“నువ్వూ కట్టుకో అమ్మా. నీ బొమ్మ నన్నేం చేసిందో నీకు తెలియాలి.”

కమలిని పట్టీ వంక చూసింది, తీసుకోలేదు. “నాకొద్దు పెదనాన్నా. మైకులో అన్నది నోటితోనేగా అన్నారు. ఇదీ నోటితోనే చెప్పండి.”

ఆయన గొంతు సవరించుకున్నారు. అలవాటు కొద్దీ ఒక పద్యపాదం నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగేశారు.

“ఆవిడ మొహం ఎందుకు వెయ్యలేదో నేను అడగలేదు. అడిగితే నువ్వు చెబుతావని భయం.”

“ఈ బొమ్మ ఊహ వచ్చినప్పుడే, నాన్న ఉండగానే, అడిగాను. పెదనాన్న అయితే చారడేసి కళ్ళని చెప్పేవారు కదా, అలా వెయ్యనా అన్నాను. వద్దన్నారు. ‘అన్నయ్యకీ గుర్తు లేదమ్మా. నేను ఏడవకుండా ఉండాలని చెప్పేవాడు. ఆయన్ని మాత్రం అడక్కు, బాధపడతాడు’ అన్నారు.” సంచీ తాడు ముడివేస్తూ ఆమె అంది, “అందుకే మొహం వదిలేశాను. తెలియని మొహం ఎలా వెయ్యను? నాన్నకి తెలిసింది ఒకటే. పైనించి చూస్తే పాపిట. అదొక్కటే వేశాను.”

కోదండరామయ్యగారు గోడ వంక చూశారు. తడిసిన జుట్టు మధ్య తిన్నగా, తెల్లగా పాపిట.

“నాకూ అదొక్కటే గుర్తమ్మా” అన్నారు.

కమలిని చేతులు ఆగిపోయాయి. “మరి ఇద్దరూ ఇన్నేళ్ళు పక్కపక్క వీధుల్లో ఉన్నారు. ఒక్కసారి చెప్పుకోలేకపోయారా పెదనాన్నా? నాన్న ఎంత తేలికపడేవారు!”

హాల్లో అందరూ వింటున్నారు. ఆదివారం చప్పట్లు కొట్టిన మనుషులే. కోదండరామయ్యగారు గొంతు తగ్గించుకోలేదు, పెంచుకోలేదు.

“సిగ్గేసిందమ్మా” అన్నారు. “తల్లి మొహం మరిచిపోయాడంటారని.”